ఏడు వారాల పాపకు సోంపు నీళ్లు పట్టవచ్చా?

ప్రశ్న: మా పాపకు ఏడు వారాలు. తల్లిపాలే ఇస్తున్నాను. రోజూ సాయంత్రం ఆరు దాటాక కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తోంది. కడుపులో గాలి చేరిందని, సోంపు మరిగించిన నీళ్లు ఉగ్గుగిన్నెతో పట్టమని మా అత్తగారు అంటున్నారు. పాలు బాగా పడతాయని నన్ను కూడా అవే తాగమంటున్నారు. ఇది మంచిదేనా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పాపకు పట్టవద్దు. మీరు మాత్రం మితంగా తీసుకోవచ్చు.

మీ అత్తగారి మాటకు ఆధారం లేకపోలేదు. సోంపు నూనెలో ప్రధానంగా ఉండే అనెథోల్ అనే పదార్థానికి పేగుల కండరాల బిగువును సడలించే గుణం ఉంది. భోజనం తర్వాత చిటికెడు సోంపు నమిలితే ఉబ్బరం తగ్గినట్టు అనిపించేది అందుకే. పసిపిల్లలపైనా పరిశోధన జరిగింది. రష్యాలో 125 మంది శిశువులపై చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, సోంపు నూనె కలిపిన ద్రవాన్ని ఇచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఏడుపు తగ్గింది. అయితే అక్కడ వాడినది 0.1 శాతం నూనెతో కొలిచి తయారుచేసిన ద్రవం. మన వంటింట్లో మరిగించిన నీటిలోకి ఎంత నూనె దిగిందన్నది గింజ పాతదా కొత్తదా, నలగ్గొట్టారా లేదా, ఎంతసేపు మరిగించారు, మూత పెట్టారా లేదా అన్నదాన్ని బట్టి పూటపూటకూ మారిపోతుంది. పైగా సోంపులో ఎస్ట్రాగోల్ అనే మరో పదార్థం కొద్దిగా ఉంటుంది. అది అధిక మోతాదులో జంతువుల్లో క్యాన్సర్‌కు దారితీసినట్టు ప్రయోగాల్లో తేలింది. వంటల్లో వాడే సోంపు గురించి పెద్దలు దీనికి భయపడనక్కరలేదు గానీ, చిన్నపిల్లల విషయంలో భద్రతను నిరూపించే సమాచారం చాలనందున నాలుగేళ్లలోపు వారికి సోంపు కషాయాన్ని యూరోపియన్ ఔషధ సంస్థ సిఫారసు చేయడం లేదు.

నా దృష్టిలో ఇంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదు. ఆ చిన్న పొట్ట నీళ్లతో నిండితే బిడ్డ పాలు తక్కువగా తాగుతుంది; బిడ్డ చీకడం తగ్గితే మీకు పాలు ఊరడమూ తగ్గుతుంది. ఉగ్గుగిన్నె, నీరు, వడగట్టే గుడ్డ శుభ్రంగా లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. రుచి కోసమని కొందరు తేనె కలుపుతారు. ఏడాదిలోపు పిల్లలకు తేనె చుక్క కూడా నాకించకూడదు, దానివల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వసకొమ్ము అరగదీసి పెట్టడం కూడా మానేయండి.

ఇక ఈ ఏడుపు సంగతి. బరువు సక్రమంగా పెరుగుతూ, మిగతా సమయమంతా హుషారుగా ఉండే బిడ్డ సాయంత్రాలు మాత్రమే ఇలా ఏడుస్తుంటే దాన్ని కోలిక్ అంటాము. ఇది సాధారణంగా రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరో వారం ప్రాంతంలో తీవ్రమై, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గిపోతుంది. గాలి ఒక్కటే దీనికి కారణమని నిరూపణ కాలేదు. పాలు పట్టిన తర్వాత భుజాన వేసుకుని తేన్పు వచ్చేవరకు వీపు నిమరండి. ఏడుపు మొదలయ్యాక వెలుతురు, సందడి తగ్గించి, పాపను ఒంటికి హత్తుకుని మెల్లగా నడవండి. ఆ వేళకు మీరు అలసిపోయి ఉంటారు కాబట్టి కాసేపు అత్తగారిని ఎత్తుకోమనండి. సోంపు నీళ్ల కన్నా ఆ సాయం మీ ఇద్దరికీ ఎక్కువ మేలు చేస్తుంది.

సోంపుతో తల్లికి పాలు పెరుగుతాయనడానికి గట్టి ఆధారాలు లేవు. పాలు పెంచేది బిడ్డ తరచుగా, సరైన పట్టుతో చీకడమే. కూరల్లో వేసుకున్నా, భోజనం తర్వాత కొద్దిగా నమిలినా ఇబ్బంది లేదు. రంగు, చక్కెర పూత లేని గింజలు వాడండి. కషాయాన్ని మాత్రం నీళ్లకు బదులుగా రోజంతా తాగవద్దు. సోంపు కలిసిన మూలికల టీని రోజుకు రెండు లీటర్లకు పైగా తాగిన తల్లుల నవజాత శిశువులు మత్తుగా, పాలు సరిగా చీకలేకుండా తయారైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. క్యారెట్, కొత్తిమీర వంటివి పడనివారికి సోంపు కూడా పడకపోవచ్చు.

పాపకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం వచ్చినా, ఆకుపచ్చగా వాంతి అయినా, మలంలో రక్తం కనిపించినా, పొట్ట గట్టిపడి ఉబ్బినా, గజ్జల్లో వాపు వచ్చినా, పాలు తాగడం మానేసినా, మూత్రం తగ్గినా కోలిక్ అనుకుని ఇంట్లో చిట్కాలతో కాలయాపన చేయకుండా, అది రాత్రి అయినా సరే, పిల్లల వైద్యులు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.