కరెంటు పోయి సినాప్టిక్ సగంలో ఆగిపోతే ఓఎస్ చెరిపేయనక్కరలేదు

ముందు మీ ప్రశ్న సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో మీకు జిరాక్స్, టైపింగు దుకాణం ఉంది. కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్). తెలుగు, ఒడియా రెండు భాషల్లోనూ దరఖాస్తులు టైపు చేయడానికి సాఫ్ట్‌వేర్ ఎక్కించే సినాప్టిక్ అనే ప్రోగ్రాములో ఐబస్ ఎం17ఎన్ అనే టైపింగు ప్యాకేజీ (ఎక్కించడానికి కట్టిన సాఫ్ట్‌వేర్ మూట) ఎంచుకున్నారు, పనిలో పనిగా లిబ్రేఆఫీస్ నవీకరణలు కూడా పెట్టారు. అవి ఎక్కుతుండగా కరెంటు పోయింది. అప్పటి నుంచి సినాప్టిక్ తెరవగానే తప్పు సందేశం వస్తోంది, ఏ ప్యాకేజీ ఎంచుకున్నా ఎక్కడం లేదు. తెలిసిన వారొకరు అంతా చెరిపేసి మళ్లీ ఓఎస్ ఎక్కించుకోమన్నారు.

దయచేసి ఆ పని చేయకండి. గోటితో పోయేదానికి గొడ్డలి అవసరం లేదు. నేను ఉండేది కాశీనగరంలో. గుణుపురం నుంచి పాతపట్నం దాకా చుట్టాల దుకాణాల్లో, తెలిసిన వారి ఇళ్లలో లినక్స్ కంప్యూటర్లు చూసిపెడుతుంటాను. వానాకాలం వచ్చిందంటే ఎక్కువగా వచ్చే కబురు ఇదే. ఓఎస్ చెరిపేసే తొందరలో ఏళ్ల తరబడి దాచుకున్న ఖాతాదారుల కాగితాలు పోగొట్టుకున్న వారిని చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీ సమస్య చాలావరకు ఒక్క ఆదేశంతో తీరుతుంది.

అసలు ఏం జరిగిందో తెలిస్తే భయం పోతుంది. ప్యాకేజీ ఎక్కడంలో రెండు దశలు ఉంటాయి. మొదట దాన్ని విప్పి ఫైళ్లను వాటి చోట్లలో పెడతారు, తర్వాత వాటిని పనికి సిద్ధం చేస్తారు. దుకాణం ముందు లారీ నుంచి సరుకు దించడం ఒక పని, అరల్లో సర్దడం ఇంకో పని అయినట్టే. సినాప్టిక్ పైకి కనిపించే కిటికీ మాత్రమే. దాని వెనుక ప్యాకేజీలను తెచ్చే ఆప్ట్, ఆప్ట్ వెనుక డీపీకేజీ అనే ప్రోగ్రాములు ఉంటాయి. విప్పడం, సిద్ధం చేయడం డీపీకేజీ పని. ప్రతి ప్యాకేజీ ఏ దశలో ఉందో అది ఎప్పటికప్పుడు ఒక ఫైలులో రాసుకుంటుంది. అందువల్ల కరెంటు పోయినా ఎక్కడ ఆగిందో దానికి తెలుసు. మిగిలిన పని పూర్తి చేయమని మనం చెప్పడమే తరువాయి.

సినాప్టిక్ చూపుతున్న సందేశాన్ని మూసేయకుండా చివరిదాకా చదవండి. డీపీకేజీ మధ్యలో ఆగిపోయిందనీ, ఫలానా ఆదేశం మీరే ఇవ్వాలనీ అందులో ఉంటుంది. సినాప్టిక్ మూసి, టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, ఆ ఆదేశాన్నే అక్షరం పొల్లు పోకుండా కొట్టండి. మొదట సుడో, కాస్త ఖాళీ, డీపీకేజీ, మళ్లీ ఖాళీ, రెండు అడ్డగీతలు, వాటిని ఆనుకుని కాన్ఫిగర్, ఖాళీ, చివర ఒక అడ్డగీత, దాన్ని ఆనుకుని చిన్న ఎ. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే: sudo dpkg --configure -a. సగంలో ఆగిన ప్యాకేజీల పేర్లు ఒక్కొక్కటిగా తెర మీద పరుగెత్తుతాయి. మధ్యలో పాత సెట్టింగుల ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడిగితే ఎంటర్ నొక్కితే సాధారణంగా మీ పాత ఫైలే నిలుస్తుంది. తెలియనప్పుడు అదే మంచిది.

అది పూర్తయ్యాక సినాప్టిక్ మళ్లీ తెరవండి. ఎడమవైపు కింద ఉన్న బొత్తాల్లో స్టేటస్ నొక్కితే పైన జాబితా మారుతుంది. అందులో బ్రోకెన్ అనే మాట ఉంటే విరిగిన ప్యాకేజీలు ఇంకా మిగిలాయని అర్థం. అప్పుడు ఎడిట్ మెనూలో విరిగిన ప్యాకేజీలను బాగుచేసే అంశాన్ని ఎంచుకుని, ఆపై అప్లై నొక్కండి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అప్లై నొక్కగానే పని మొదలు కాదు, ఏమేం ఎక్కుతాయో, ఏమేం తొలగిపోతాయో చూపే పట్టిక ముందు వస్తుంది. చాలామంది దాన్ని చదవకుండా సరే అనేస్తారు. తొలగించే జాబితాను తప్పకుండా విప్పి చూడండి. అందులో సిన్నమన్ అనో, మింట్ మెటా అనో కనిపిస్తే వెంటనే రద్దు చేయండి. సరే అంటే మీ డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయే ప్రమాదం ఉంది. రాయగడలో మా బావగారి దుకాణంలో ఇలాంటి పట్టికే వచ్చింది. వెతికితే అసలు కారణం కరెంటు కాదని తేలింది. అంతకుముందెప్పుడో ఎవరో వేరే కూర్పు కోసం తయారైన ప్రింటరు డ్రైవరును డెబ్ ఫైలు (ఒక ప్యాకేజీ ఉన్న ఫైలు) రూపంలో తెచ్చి ఎక్కించారు. అది పట్టుకు కూర్చున్న పాత లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు కూడా వాడుకునే ఫైలు) వల్ల మిగతావి కదలడం లేదు. స్టేటస్ జాబితాలోనే లోకల్ ఆర్ అబ్సలీట్ అనే వరుస ఒకటి ఉంటుంది. మీ కంప్యూటర్‌లో ఉండి, ఏ అధికారిక భాండాగారంలోనూ (ప్యాకేజీలు దిగే సర్వర్‌లోనూ) లేని ప్యాకేజీలన్నీ అక్కడ చేరతాయి. ఆ డ్రైవరు కూడా అక్కడే దొరికింది. దాన్ని తీసేశాక మిగతా చిక్కు తనంతట తానే విడిపోయింది. ఎవరైనా డెబ్ ఫైలు తెచ్చి ఇస్తే, అది మీ మింట్ కూర్పుకు తయారైనదేనా అని అడగందే ఎక్కించకండి.

అప్పటికీ తప్పు వస్తుంటే సందేశంలోని చివరి వరుసను కాదు, మొదటి వరుసను చూడండి. చివర్లో వచ్చేవన్నీ మొదటి దాని పర్యవసానాలే. ఆర్కైవ్ మధ్యలోనే ముగిసిందనో, పాడైందనో ఉంటే డౌన్‌లోడ్ అయిన డెబ్ ఫైలు చెడిపోయిందన్నమాట. సినాప్టిక్ సెట్టింగ్స్ మెనూలోని ప్రిఫరెన్సెస్‌లో ఫైల్స్ అనే పుట ఉంటుంది. నిల్వ ఉన్న ప్యాకేజీ ఫైళ్లను చెరిపేసే బొత్తం అక్కడే ఉంది. అది నొక్కి, రీలోడ్ చేసి (అంటే ప్యాకేజీల జాబితాను తాజాగా తెచ్చుకుని), మళ్లీ ఎక్కించండి. ఇంకో ప్రక్రియ తాళం వేసుకుందని సందేశం వస్తే మాత్రం ఏదీ చెరిపేయకండి. వెనుక అప్‌డేట్ మేనేజర్ తన పని చేసుకుంటూ ఉంటుంది. దాన్ని పూర్తి కానివ్వండి. ఆ తాళం ఫైలును తీసేయమని కొందరు సలహా ఇస్తారు. రెండు ప్రక్రియలు ఒకేసారి డీపీకేజీ నమోదులో రాస్తే మొదటికే మోసం వస్తుంది.

ఎప్పుడో అరుదుగా, రాస్తుండగానే కరెంటు పోవడం వల్ల ఆ నమోదు ఫైలే పాడవుతుంది. దానికీ దారి ఉంది. వార్ (var) ఫోల్డరులోని బ్యాకప్స్‌లో డీపీకేజీ స్టేటస్ పేరుతో గత కొన్ని రోజుల నకళ్లు ఉంటాయి. తాజా నకలు చివర సున్నా అంకె ఉంటుంది. పాడైన ఫైలు పేరు మార్చి పక్కన పెట్టి, ఈ నకలును దాని స్థానంలో ఉంచితే కంప్యూటర్ మళ్లీ మాట వింటుంది. ఈ ఒక్క పని మాత్రం అనుభవం ఉన్నవారిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

మన వైపు పాత కంప్యూటర్లలో ఎవరూ అనుమానించని దొంగ ఇంకొకటి ఉంది, గడియారం. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. సర్వర్‌లోని ప్యాకేజీల జాబితాకు రేపటి తేదీ ఉన్నట్టు మీ కంప్యూటర్‌కు కనిపిస్తుంది, ఇది ఇంకా చెల్లదు అంటూ దాన్ని తిరస్కరిస్తుంది. బ్రౌజరులో కూడా భద్రతా హెచ్చరికలు వస్తుంటే అనుమానం లేదు, కారణం ఇదే. తేదీ సరిచేసి రీలోడ్ చేయండి, వీలు చూసుకుని బ్యాటరీ మార్పించండి.

ఇక మీరు అడగకపోయినా చెప్పవలసింది ఒకటి ఉంది. ఇదే జరగకుండా చూసుకునే మార్గం సినాప్టిక్‌లోనే ఉంది. అప్లై నొక్కాక వచ్చే పట్టిక కింద, ప్యాకేజీ ఫైళ్లను డౌన్‌లోడ్ మాత్రమే చేయమనే చిన్న గడి ఒకటి ఉంటుంది. ముందు దాన్ని టిక్ చేసి సరే అనండి. ఫైళ్లన్నీ దిగి నిల్వలో కూర్చుంటాయి, కంప్యూటర్‌లో ఏదీ మారదు. ఆ సమయంలో కరెంటు పోయినా నష్టం లేదు, దిగినంత మేర ఉంటుంది, ఆప్ట్ అక్కడి నుంచే కొనసాగిస్తుంది. కరెంటు నిలకడగా ఉన్న వేళ, లేదా యూపీఎస్ నిండుగా ఉన్నప్పుడు, ఆ టిక్ తీసేసి మళ్లీ అప్లై నొక్కండి. విప్పడం, సర్దడం కొద్ది నిమిషాల పనే. ప్రమాదం ఉన్నది ఆ కొద్ది నిమిషాల్లోనే కాబట్టి, గంటల కొద్దీ సాగే డౌన్‌లోడ్‌ను దాని నుంచి విడదీయడమే అసలు రక్ష.

నెట్ సంగతి మీకు చెప్పనక్కరలేదు. రాష్ట్రాల సరిహద్దులో ఉన్న మన ఫోను కాసేపు ఒడిశా టవరును, కాసేపు ఆంధ్ర టవరును పట్టుకుంటుంది, మారిన ప్రతిసారీ డౌన్‌లోడ్ తెగుతుంది. లిబ్రేఆఫీస్ అంత పెద్దవాటికి నేను వాడే పద్ధతి వేరు. సినాప్టిక్‌లో ముందు రీలోడ్ చేస్తాను, కావలసిన ప్యాకేజీలన్నిటికీ గుర్తు పెడతాను. అప్లై జోలికి పోకుండా, ఫైల్ మెనూలో ప్యాకేజీ డౌన్‌లోడ్ స్క్రిప్టు తయారుచేసే అంశాన్ని నొక్కుతాను. అది ఒక చిన్న ఫైలును ఇస్తుంది. తెరిచి చూస్తే ఒక్కో వరుసలో ఒక్కో డెబ్ ఫైలు పూర్తి చిరునామా కనిపిస్తుంది. ఆధారపడే చిన్నాచితకా ప్యాకేజీలు కూడా అందులో చేరిపోతాయి, మనం వెతుక్కోనక్కరలేదు. ఆ ఫైలును పెన్‌డ్రైవులో వేసుకుని గుణుపురం రైలెక్కి, బ్రాడ్‌బ్యాండ్ ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్తాను. అతని లినక్స్ కంప్యూటర్‌లో ఒక ఫోల్డరు తెరిచి ఆ స్క్రిప్టు నడిపిస్తే డెబ్ ఫైళ్లన్నీ వరుసగా దిగుతాయి. ప్రతి వరుసలోనూ ఆగిన చోటి నుంచి కొనసాగించే సూచన ఉంటుంది కాబట్టి తెగినా భయం లేదు. విండోస్ కంప్యూటర్ అయితే ఆ చిరునామాలను బ్రౌజరులో ఒక్కొక్కటిగా తెరవవచ్చు. ఫైళ్ల పేర్లు మాత్రం మార్చకూడదు. తిరిగి వచ్చి ఫైల్ మెనూలోనే డౌన్‌లోడ్ చేసిన ప్యాకేజీలను చేర్చే అంశం ఎంచుకుని ఆ ఫోల్డరు చూపిస్తే, సినాప్టిక్ వాటిని తీసుకుని ఎక్కిస్తుంది. స్క్రిప్టు తయారుచేసిన తర్వాత ఆలస్యం చేయకండి. ఈలోగా కొత్త కూర్పు వస్తే పాత చిరునామాలో ఫైలు దొరకకపోవచ్చు.

ఈ సదుపాయాలు ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. డెబియన్ అనే లినక్స్ 2.1 కూర్పుతో 1999లో ఆప్ట్ జనంలోకి వచ్చేనాటికి చాలామంది ఇళ్లలో టెలిఫోను మోడెములే ఉండేవి. సినాప్టిక్ బ్రెజిల్‌లోని కొనెక్టివా అనే సంస్థలో పుట్టింది. సన్నని నెట్ ఉన్నవారిని కూడా లెక్కలోకి తీసుకుని చేసిన పరికరాలివి. 2011లో మింట్‌కు ఆధారమైన ఉబుంటు 11.10 కూర్పుతో సినాప్టిక్‌ను ముందుగా ఎక్కించి ఇవ్వడం మానేసినా, మింట్ దాన్ని వదలలేదు. మనలాంటి ఊళ్లకు అదెంతో మేలు చేసింది.

మీ మింట్ ఏ కూర్పో కూడా ఒకసారి చూసుకోండి. 20 వరుసకు చెందినవాటికి మద్దతు 2025 ఏప్రిల్‌తో ముగిసింది. అలాంటిదైతే ఈ మరమ్మతు పూర్తిచేశాక, ఫైళ్లు వేరే చోట భద్రపరుచుకుని కొత్త వరుసకు మారడం గురించి ఆలోచించండి. 22 వరుసకు 2029 దాకా మద్దతు ఉంది.

టైపింగు విషయానికి వస్తే, ఐబస్ ఎం17ఎన్ ఎక్కిన వెంటనే భాషలు కనిపించకపోతే ప్యాకేజీ చెడిపోయిందనుకోకండి. మెనూలో ఇన్‌పుట్ మెథడ్స్ తెరిచి ఐబస్‌ను ఎంచుకుని, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ కావాలి. ఆ తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక మీటల అమరిక), ఆర్‌టీఎస్ రెండూ ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉంటే ఆర్‌టీఎస్ సులువు. ఒడియా కోసం వెతికినప్పుడు దొరకకపోతే ఒరియా అనే పాత పేరుతో చూడండి. రెండు భాషలకూ ఇన్‌స్క్రిప్టే నేర్చుకుంటే మీకు ఎక్కువ లాభం. క కొట్టే మీట రెండింటిలోనూ ఒకటే, చేతికి ఒక్కసారి అలవాటైతే చాలు. తహసీలు కార్యాలయానికి ఒడియాలో దరఖాస్తు రాయించుకోవడానికి మన తెలుగువాళ్లు ఎంత ఇబ్బంది పడతారో మీకు తెలుసు. మీ దుకాణంలో ఆ పని జరగాలని నాకూ ఉంది.

ఇవన్నీ చేసినా కదలకపోతే, వార్ ఫోల్డరులో లాగ్, అందులో ఆప్ట్, దానిలో టెర్మ్ పేరుతో ఉన్న లాగ్ ఫైలు తెరవండి. కరెంటు పోయిన రోజు తేదీ దగ్గర నుంచి చివరిదాకా ఉన్న భాగాన్ని యథాతథంగా పంపండి. దానితోపాటు మింట్ కూర్పు అంకె, స్టేటస్‌లో బ్రోకెన్ కింద కనిపించే పేర్లు కూడా రాయండి. ఏ ప్యాకేజీ దగ్గర ఆగిందో చూసి, తర్వాత ఇవ్వవలసిన ఆదేశం చెబుతాను.