ఇంట్లో "బీఎస్సీనా?" అంటున్నారు. కంప్యూటర్ సైన్స్ కోసం సీఎంఐకి అప్లై చేయాలా?

నువ్వు రాసింది చదివాను చెల్లీ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. లెక్కలంటే ఇష్టం, కంప్యూటర్ సైన్స్ చదవాలని కోరిక. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కి, అంటే సీఎంఐకి, అప్లై చేస్తానంటే నాన్నగారు "ఎంపీసీ చదివి బీఎస్సీలో చేరతావా?" అంటున్నారు. కోచింగ్ లేకుండా ఆ ఎంట్రన్స్ దాటగలనా, దాటినా చేరడం మంచిదేనా అన్నది నీ ప్రశ్న.

నేను వనస్థలిపురం పిల్లని. ఇక్కడే ఇంటర్ చదివి, సీఎంఐలో బీఎస్సీ ఆనర్స్ మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటర్ సైన్స్ చేశాను. అప్లై మాత్రం తప్పకుండా చెయ్యి. చేరాలా వద్దా అన్నది ఎవరినో అడగక్కర్లేదు. ఆ ఎంట్రన్స్ పాత పేపర్లు ముందేసుకుని కూర్చుంటే నీకే తెలిసిపోతుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టే, ఆ పేపరు చూస్తే అక్కడి మూడేళ్ళ చదువు ఎలా ఉంటుందో తెలుస్తుంది.

మన ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకి 160 ప్రశ్నలు, అందులో లెక్కలే 80. రెండేళ్ళూ కాలేజీలో మన చేత చేయించే సాధనంతా ఆ వేగం కోసమే. సూత్రం ఠక్కున గుర్తు రావాలి, నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేయాలి, మిగిలినవాటిలో ఒకటి నొక్కి ముందుకి పోవాలి. అదీ ఒక విద్యే, దాన్ని తక్కువ చేయను. కానీ సీఎంఐ పేపర్లో అది పెద్దగా అక్కరకు రాదు. అందులో రెండు భాగాలుంటాయి. పార్ట్ ఏలో జవాబు రాస్తే చాలు, ఎలా వచ్చిందో చూపించక్కర్లేదు. అందులో కనీస మార్కులు దాటినవాళ్ళ పార్ట్ బీ మాత్రమే దిద్దుతారు. పార్ట్ బీలో ఉండేవి కొద్ది ప్రశ్నలే, కానీ ప్రతిదానికీ మొదటినుంచి చివరిదాకా కారణాలతో సహా రాయాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండవు. ఈ దారిలో జేఈఈ ర్యాంకు అడగరు. సిలబస్ చాలావరకు మన ఇంటర్ లెక్కలే. నంబర్ థియరీ (పూర్ణసంఖ్యల లక్షణాలు), కాంబినటోరిక్స్ (లెక్కించే పద్ధతులు) మాత్రం మన కాలేజీల్లో చెప్పేదానికంటే లోతుగా చదువుకోవాలి.

ఒక లెక్క చెప్తాను. ఇది వాళ్ళ పేపర్లోది కాదు, ఒలింపియాడ్‌కి చదివే పిల్లలందరికీ తెలిసిన పాత లెక్క. 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లో నీకిష్టమైన 51 తీసుకో. ఏ 51 తీసుకున్నా సరే, వాటిలో ఒకటి ఇంకోదాన్ని శేషం లేకుండా భాగించే జత ఉండి తీరుతుందని చూపించాలి. ఇక్కడ ఆప్షన్లు లేవు, వాడాల్సిన సూత్రం ఏమిటో ఎవరూ చెప్పరు. ముందు ఏవేవో సంఖ్యలు రాసి చూస్తావు. 51 నుంచి 100 దాకా తీసుకుంటే అలాంటి జత దొరకదు, కానీ అవి 50 మాత్రమే. ఇంకొక్కటి, ఏది కలిపినా ఇరుక్కుపోతావు. ఎందుకలా? ఏ సంఖ్యనైనా 2తో వీలైనంతవరకు భాగిస్తూ పోతే చివరికి ఒక బేసి సంఖ్య మిగులుతుంది. 48కి 3 మిగులుతుంది, 80కి 5, 77కి 77 అలాగే ఉంటుంది. 100 లోపు బేసి సంఖ్యలు 50. నువ్వు తీసుకున్నవి 51. అంటే కనీసం రెండింటికి ఒకే బేసి సంఖ్య మిగలాలి. ఆ రెండూ అదే బేసి సంఖ్యని 2తో వేర్వేరు సార్లు గుణిస్తే వచ్చినవి, కాబట్టి చిన్నది పెద్దదాన్ని భాగిస్తుంది.

ఇది చదివాక నీ మనసు ఎటు పోయిందో చూసుకో. "సరే, అర్థమైంది, తర్వాతిది" అనిపించిందా? లేక "100 బదులు 200 అయితే ఎన్ని తీసుకోవాలి? 2 బదులు 3తో భాగిస్తే ఎందుకు కుదరదు?" అని కాగితం అందుకున్నావా? కాగితం అందుకుని ఉంటే నువ్వు అక్కడ సంతోషంగా ఉంటావు.

ఎందుకంటే అక్కడి కంప్యూటర్ సైన్స్ కూడా ఇలాగే ఉంటుంది. మాకు ప్రోగ్రామింగ్ హాస్కెల్ అనే భాషతో మొదలైంది. లూపులు రాయడం ఉండదు, అంతా రికర్షనే, అంటే ఒక ఫంక్షన్ తననే తాను మళ్ళీ పిలుచుకోవడం. ప్రోగ్రాం రాసి, నాలుగు ఇన్‌పుట్లు ఇచ్చి, సరిగ్గా వస్తోందని వదిలేస్తే కుదరదు. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా సరిగ్గానే పనిచేస్తుందని ఇండక్షన్‌తో రుజువు చేయాలి. దాంతోపాటే ఆల్జీబ్రా, అనాలిసిస్ కూడా చదవాలి, "నేను కంప్యూటర్ల కోసం వచ్చాను" అంటే తప్పించుకోవడం ఉండదు. తర్వాత ఆల్గారిథమ్స్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్ (కంప్యూటర్ ఏది చేయగలదు, ఏది చేయలేదు అన్న సిద్ధాంతం) వస్తాయి. ఆటోమేటా (కంప్యూటర్‌కి గణిత నమూనాలు), లాజిక్, ప్రోగ్రాముల వెరిఫికేషన్‌లో (తప్పు లేదని రుజువు చేయడంలో) అక్కడి పరిశోధనకి మంచి పేరుంది. యాప్‌లు, వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకోవాలన్నది నీ కోరికైతే అది సరైన చోటు కాదు, ఈ మాట ముందే చెప్పడం నా బాధ్యత. రుచి చూడాలంటే సీఎంఐ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ గారి ఆల్గారిథమ్స్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. రెండు పాఠాలు విను.

కోచింగ్ అక్కర్లేదు. దానికోసం అమీర్‌పేట, కూకట్‌పల్లి తిరగకు. పాత పేపర్లు జవాబులతో సహా సీఎంఐ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. జవాబు వెంటనే చూడకు, ఒక లెక్కని రెండు మూడు రోజులు మనసులో పెట్టుకుని తిరుగు. వచ్చాక రుజువు శుభ్రంగా రాసి ఎవరికైనా చూపించు. మా కాలేజీలో లెక్కల సార్ స్టడీ అవర్ అయ్యాక నా నోట్‌బుక్ చూసేవారు. నేను "కాబట్టి" అని రాసిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీత గీసి, "ఎందువల్ల?" అని పక్కన రాసేవారు. ఆ గీతలు తగ్గుతూ వస్తున్నాయంటే తయారవుతున్నట్టే. సార్ దొరక్కపోతే లెక్కలు తెలిసిన ఫ్రెండ్‌ చాలు, ఆ అమ్మాయి ఎక్కడ ఆగి "ఇది ఎలా వచ్చింది?" అంటుందో అక్కడ మళ్ళీ రాయి. టెన్త్ దాకా తెలుగు మీడియం అయినా భయం వద్దు, రుజువు రాయడానికి కావలసిన ఇంగ్లీషు చాలా తక్కువ.

ఇక నాన్నగారి సంగతి. ఆయన్ని తప్పు పట్టకు. మన దగ్గర బీఎస్సీ అంటే ఇంజినీరింగ్ సీటు రానివాళ్ళు చేరేది అన్న అభిప్రాయం పాతుకుపోయింది, చుట్టాల్లో ఎవరడిగినా ఆయనే జవాబు చెప్పుకోవాలి. మా నాన్న గవర్నమెంటు స్కూల్ టీచర్. సీఎంఐని 1989లో మొదలుపెట్టింది ముంబైలోని టాటా పరిశోధన సంస్థలో (టీఐఎఫ్‌ఆర్) పనిచేసిన గొప్ప గణితవేత్త సి.ఎస్. శేషాద్రి గారని, 2006లో డీమ్డ్ యూనివర్సిటీ అయిందని, ఈ కోర్సు 1998 నుంచీ నడుస్తోందని అన్నీ చెప్పాను. విన్నారు కానీ కదల్లేదు. సీటు వచ్చాక "ఒకసారి చూసొద్దాం పద" అన్నారు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. చెన్నైలో ఓఎంఆర్ అనే రోడ్డు మీద సిరుసేరి, చుట్టూ పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు, వాటి మధ్య చిన్న క్యాంపస్. ఇంతేనా అన్నట్టు చూశారు. లోపల ఒక బోర్డు దగ్గర ఇద్దరు విద్యార్థులు ప్రొఫెసర్‌తో వాదిస్తున్నారు. అందులో ఒక అమ్మాయి "సార్, మూడో లైను నిలబడదు" అంది. ఆయన కాసేపు చూసి, "అవును" అని చెరిపేసి, చాక్‌పీసు ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. బయటికి వచ్చాక మా నాన్న బస్టాపు దాకా మాట్లాడలేదు. తర్వాత "నువ్విక్కడే చదువుకో" అన్నారు. వీలుంటే నాన్నగారిని కూడా తీసుకెళ్ళి చూపించు.

ఆయన దగ్గర దాచకూడనివి రెండున్నాయి. కొన్ని కంపెనీలు బీటెక్ ఉంటేనే అప్లికేషన్ తీసుకుంటాయి. మా బ్యాచ్‌లో చాలామంది పై చదువులకే వెళ్ళారు, అంటే చేతికి జీతం రావడానికి కొన్నేళ్ళు పట్టొచ్చు. ఇంట్లో అప్పులుండి, నీ సంపాదన త్వరగా కావాల్సిన పరిస్థితి అయితే మంచి కాలేజీలో బీటెక్ చేరడమే సరైన నిర్ణయం, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఫీజు గురించైతే, ప్రతిభని, ఇంటి పరిస్థితిని చూసి మినహాయింపులు ఇస్తారు. ఆ ఏడాది నియమాలు సైట్‌లో చదువుకో.

సీఎంఐ పేపర్లు నచ్చితే ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఎంట్రన్స్ కూడా రాయి. కోల్‌కతాలో బీస్టాట్, బెంగళూరులో బీమ్యాథ్, పరీక్షా ఇదే ధోరణిలో ఉంటుంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ప్రపంచానికి తెలిసింది ఆ సంస్థ నుంచే. ఊరు దాటకుండా ఉండాలంటే గచ్చిబౌలిలో ట్రిపుల్‌ఐటీ ఉంది. అక్కడ యూజీఈఈ అనే వాళ్ళ సొంత ఎంట్రన్స్ రాస్తే ఐదేళ్ళ డ్యూయల్ డిగ్రీ, బీటెక్‌తో పాటు పరిశోధనతో ఎంఎస్ కూడా వస్తుంది. సూపర్, రీప్ అని రెండు పేపర్లు, ఆ తర్వాత ఇంటర్వ్యూ. బీటెక్ కావాలన్న నాన్నగారి మాటా, పరిశోధన వైపు వెళ్ళాలన్న నీ కోరికా రెండూ నిలుస్తాయి. ఫీజు మాత్రం బాగా ఎక్కువ.

సీఎంఐ పరీక్ష సాధారణంగా మే నెలలో, హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంటుంది. ఈఏపీసెట్ కూడా ఆ రోజుల్లోనే కాబట్టి రెండింటి తేదీలూ ఒకచోట రాసి పెట్టుకో. బీఎస్సీనా బీటెక్కా అన్న వాదన ఇప్పుడు ఇంట్లో పెట్టకు. రెండు పరీక్షలూ రాస్తానని చెప్పు, ఈఏపీసెట్ చదువు ఆపనని మాటివ్వు, ఫారం నింపేటప్పుడు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకో. రెండు ఫలితాలూ చేతికొచ్చాక ఇద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు. ఈలోపు ఒక పాత పేపరు దించుకుని పార్ట్ బీ మొదలుపెట్టు. ఎక్కడైనా చిక్కుకుంటే నువ్వు రాసినంతవరకు ఫొటో తీసి నాకు పంపు, చూస్తాను.