కీబోర్డు మార్చడానికి పాస్‌వర్డ్ ఎందుకు?

ప్రశ్న: మాది కావలి. మా పాప ఇంజనీరింగ్ చదువుతోంది. తన ల్యాప్‌టాప్ మీద టీ ఒలికి సగం అక్షరాలు పడకపోతే నెల్లూరులో ఒక షాపులో ఇచ్చాం. "చెక్ చేయాలి గదా మేడం, పాస్‌వర్డ్ చెప్పేసి పోండి" అంటే చీటీ వెనక రాసిచ్చి వచ్చాను. నాలుగు రోజులకు తిరిగిచ్చారు, కీబోర్డు బాగానే ఉంది. కానీ ఇంటికొచ్చి తెరిస్తే, ఈమధ్య తెరిచిన ఫైళ్ల వరుసలో పాప ఓణీల ఫంక్షన్ ఫొటోలు ఉన్నాయి. వాటిని మేం తెరిచి ఏడాది దాటింది. పైగా మునుపటికన్నా బాగా స్లో అయింది, అడుగున రెండు స్క్రూలు లేవు. షాపులో అడిగితే "మీ ఫొటోలు మాకెందుకు మేడం" అన్నారు. పాప టెన్షన్‌తో సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. పాస్‌వర్డ్ ఇవ్వడం నాదే తప్పా సార్?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ తప్పు కాదమ్మా. డాక్టరుకు చెప్పినట్టే రిపేరు చేసే మనిషికీ అన్నీ చెప్పాలనుకుంటాం, అడిగితే ఇచ్చేస్తాం. ఆ మాట ముందు మీ పాపకు చెప్పండి, తన తప్పు అసలే లేదని కూడా చెప్పండి.

కీబోర్డు మార్చడానికి పాస్‌వర్డ్‌తో పనే లేదు. విప్పాలి, పాతది తీయాలి, కొత్తది బిగించాలి. పనిచేస్తోందో లేదో చూడాలంటే, మీరు తీసుకోవడానికి వెళ్లినప్పుడు మీ చేత్తోనే పాస్‌వర్డ్ కొట్టి నోట్‌ప్యాడ్‌లో ప్రతి అక్షరం నొక్కి చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. అది ఒక్క పాస్‌వర్డే కదా అనిపిస్తుంది గానీ, క్రోమ్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు చూపించమంటే కంప్యూటర్ అడిగేది కూడా ఆ విండోస్ పాస్‌వర్డ్‌నే. అంటే మీరు చీటీ వెనక రాసింది జీమెయిల్‌కీ, అందులో సేవ్ చేసి ఉంటే బ్యాంకుకీ తాళంచెవి.

షాపులవాళ్లంతా ఇలాంటివాళ్లని నేను అనను, మా ఇంటి కంప్యూటర్లు పదేళ్లుగా ఒకే కుర్రాడు చూస్తున్నాడు, వేలెత్తి చూపడానికి లేదు. కానీ మీ అనుమానం ఊరికే వచ్చింది కాదు. కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీ పరిశోధకులు ల్యాప్‌టాప్‌లలో చిన్న లోపం పెట్టి, లోపల ఎవరేం తెరిచారో నమోదయ్యే ఏర్పాటు చేసి రిపేరుకిచ్చారు. 2022లో బయటికొచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఆరు షాపుల్లో సొంత ఫైళ్లు తెరిచి చూశారు, వాటిలో రెండు చోట్ల కాపీ కూడా చేసుకున్నారు. ఆడవాళ్లవిగా కనిపించిన ల్యాప్‌టాప్‌లలోనే ఎక్కువ వెతికారట. చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది.

ఇప్పుడు చేయాల్సింది. ఆ ఫైళ్ల వరుస పక్కన తెరిచిన తేదీ కనిపిస్తుంది, అది షాపులో ఉన్న రోజే అయితే వెంటనే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే కొత్త ఫైళ్లు తెరిచేకొద్దీ పాతవి ఆ వరుసలోంచి జారిపోతాయి. తర్వాత ఫోన్ నుంచి, ల్యాప్‌టాప్ నుంచి కాదు, ముందుగా పాప జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి అన్ని డివైజుల నుంచి సైన్ అవుట్ చేయించండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి మీకు తెలియనివన్నీ తీసేయండి.

స్లో అవడం సంగతి వేరే, అది ర్యామ్ (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ ముక్క) తగ్గడం వల్ల కావచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్, ఆ కింద మెమరీ. కొన్నప్పుడు బిల్లులో 16 జీబీ అని ఉండి ఇక్కడ 8 కనబడితే, కింద స్లాట్స్ యూజ్డ్ దగ్గర రెండింటిలో ఒకటే అని ఉంటే, ఒక ర్యామ్ ముక్క తీసేసి ఉండొచ్చని అర్థం. సరిగ్గా కూర్చోకపోయినా అలాగే చూపిస్తుంది, కాబట్టి వేరే షాపులో మీ ముందే విప్పించి స్లాటు ఖాళీగా ఉందో లేదో చూశాకే మాట్లాడండి. ఖాళీగా ఉంటే అదీ ఫొటో తీయండి.

ఆధారం చేతిలో ఉంటే షాపుకు రాతపూర్వకంగా ఇవ్వండి. పలకకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు వేయాలి, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా ఉండదు. ఫొటోలు కాపీ అయ్యాయని తెలిస్తే మాత్రం అది వినియోగదారుల గొడవ కాదు, నేరం. అనుమతి లేకుండా, దురుద్దేశంతో డేటా కాపీ చేస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. పాప పేరు బయటికొస్తుందని వెనకాడొద్దు, ఆడపిల్లల అసభ్య చిత్రాలకు సంబంధించినవి పేరు చెప్పకుండా ఇచ్చే వీలు కూడా అందులో ఉంది.

ప్రశ్న: నా కంప్యూటర్ ఆన్ కావడం లేదని షాపులో ఇస్తే అడక్కుండా ఫార్మాట్ కొట్టారు. రసీదు మీద "డేటాకు మా బాధ్యత లేదు" అని ఉందంటున్నారు. నా ప్రాజెక్టు మొత్తం పోయింది.
– ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: రిపేరులో డేటా పోవచ్చని హెచ్చరించడం వేరు, అడక్కుండా చెరిపేయడం వేరు. ఆ ఒక్క ముక్క వాళ్లకు ఫార్మాట్ కొట్టే అనుమతి ఇచ్చేసిందని నేను ఒప్పుకోను. అయితే ముందు ఆ మిషన్ వాడటం ఆపేయ్ బాబూ, ఒక్క పాట కూడా ఎక్కించొద్దు. లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే, దానిమీద కొత్తది పడనంతవరకు డేటా రికవరీ చేసేవాళ్లకు కొంతైనా దొరుకుతుంది. ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్పులతో చేసిన కొత్తరకం డిస్కు) అయితే కష్టం, ఫార్మాట్ చేస్తే అది చాలా త్వరగా తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. ప్రాజెక్టు ఎప్పుడైనా మీ గైడ్‌కి మెయిల్ చేసి ఉంటే సెంట్ మెయిల్‌లో వెతుకు.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసు మాది. ట్యాలీ లెక్కలున్న డెస్క్‌టాప్ పవర్ సప్లై పోయింది. రిపేరుకి ఎలా పంపాలి?

జవాబు: హార్డ్ డిస్క్ ఇంట్లో పెట్టి పంపండి. పక్క మూత తీస్తే డిస్కుకు రెండు కేబుళ్లు, నాలుగు స్క్రూలు ఉంటాయి. వాటిని విప్పడానికి మీ దగ్గరున్న స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. పవర్ సప్లై మార్చాక వాళ్ల డిస్కు పెట్టుకుని చూసుకుంటారు. స్క్రూలు ఒక కవర్లో వేసి డిస్కుకే అంటించండి.