ఇన్నోవా క్రిస్టా డీజిల్ రోడ్డు మీద నిజంగా ఎంత మైలేజీ ఇస్తుంది?

ఇంట్లో ఏడుగురం, నల్గొండలో ఉంటున్నాం, పాత క్రిస్టా డీజిల్ బండి ఒకటి చూశాం, కంపెనీ లెక్క కాకుండా చేతికి వచ్చే మైలేజీ చెప్పండి అని అడిగారు. మాదీ నల్గొండే, మాదీ పెద్ద కుటుంబమే. 2.4 లీటర్ల మాన్యువల్ బండి చాలా కాలంగా మా ఇంట్లో ఉంది.

గడియారం సెంటర్, రామగిరి, బడి, మార్కెట్ అంటూ ఊళ్లోనే తిరిగితే లీటరుకు 10 కిలోమీటర్లు దాటడం కష్టం. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, హైదరాబాద్ వైపు 80-90 వేగంతో నిలకడగా వెళ్తే 15 దాకా వస్తుంది. అదే రోడ్డు మీద 110 వేగంతో పోతే 12 వస్తే గొప్ప. అవే టైర్లు, అదే డ్రైవరు, అదే ఏడుగురు. తేడా అంతా యాక్సిలరేటర్ మీద ఉన్న పాదానిదే. ఇన్నోవా ఎత్తయిన బండి, ముందు భాగం వెడల్పు. వేగం 80 నుంచి 110కి పెరిగితే ఎదురుగాలి నిరోధం దాదాపు రెట్టింపవుతుంది. ఇంత డీజిల్ పోసి మిగుల్చుకున్న పావుగంట పంతంగి టోల్‌గేటు దగ్గరో, హయత్‌నగర్ ట్రాఫిక్‌లోనో పోతుంది. పైన క్యారియర్ బిగించి సామాను కడితే మైలేజీ ఇంకా తగ్గుతుంది. లోపల పట్టే సామాను పైకి ఎక్కించకండి.

కంపెనీ చెప్పే అంకె అబద్ధమని అనను. ఆ పరీక్షను ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ వేయకుండా చేస్తారు, వేగం 90 దాటదు. మే నెలలో మన ఎండకు రెండు ఏసీలూ వేసుకుని, ఏడుగురితో వెళ్లే ప్రయాణానికీ దానికీ పోలిక లేదు. మీటరు పక్కన కనిపించే సగటు మైలేజీని కూడా పూర్తిగా నమ్మవద్దు. మా బండిలో అది అసలు కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ తనంతట తాను ఆగే దాకా డీజిల్ పోయించి ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్లీ పోయించేటప్పుడూ గన్ ఆగిన చోటే ఆపించండి, రూపాయలు సరిచేయడానికి ఇంకొంచెం పోయనివ్వకండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు లెక్క తేలుతుంది. ఒక్క ట్యాంకుతో నిర్ణయానికి రాకుండా వరుసగా కొన్నిసార్లు చూడండి.

శ్రీశైలం ప్రయాణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దేవరకొండ, డిండి మీదుగా వెళ్లి మన్ననూరు దాటాక అడవిలో వేగం తక్కువ కాబట్టి మైలేజీ బాగానే ఉంటుంది. దోమలపెంట తర్వాత ఘాట్‌లో కృష్ణా నది వైపు దిగి, మళ్లీ ఎక్కాలి. దిగేటప్పుడు చాలామంది డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఈ ఇంజిన్లలో డీజిల్ సరఫరా ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా తిరగడానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది, పైగా ఏడుగురి బరువుతో ఉన్న బండిని బ్రేకులు ఒక్కటే ఆపాలి. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పితే ఆ మలుపుల్లో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

టైర్లలో గాలి నెలకు రెండుసార్లైనా, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన అంటించిన చీటీ మీద ఉంటుంది.

మీరు చూసిన బండి 2020 నుంచి వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్యాన్ని తగ్గించే కొత్త ప్రమాణం) బండి అయితే ఇంకో సంగతి. దాని పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బాగా వేడి కావాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే ఆ వేడి అందదు, మసి కాల్చడానికి బండి అదనంగా డీజిల్ వాడుకుంటుంది. అలాంటి వాడకమైతే వారానికి ఒకసారైనా హైవే ఎక్కించాలి.

అందుకే మీ తిరుగుడు ఎక్కువగా ఊళ్లోనే అయితే ఇన్నోవాలోనే పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే హైక్రాస్ హైబ్రిడ్ కూడా చూడమంటాను. కంపెనీ దానికి చెప్పే అంకె 23.24. మహబూబ్‌నగర్‌లో ఉన్న మా బావగారికి ఊళ్లో 16-17 వస్తోంది. నిదానంగా పోయేటప్పుడు కరెంటు మోటారు పని చేస్తుంది కాబట్టి ట్రాఫిక్‌లో అది క్రిస్టా కంటే చాలా మేలు. ధర మాత్రం చాలా ఎక్కువ, ఆ తేడా పెట్రోలు ఆదాలో తిరిగి రావాలంటే బాగా తిరగాలి. హైదరాబాద్, మిర్యాలగూడ, విజయవాడ అంటూ నెలలో ఎక్కువ భాగం హైవే మీదే ఉంటారనుకుంటే, సర్వీసు రికార్డు సరిగా ఉన్న క్రిస్టా దొరికితే ధైర్యంగా తీసుకోండి. మీ నెల తిరుగుడులో ఊళ్లో ఎంత, హైవే మీద ఎంత అని రాస్తే డీజిల్ ఖర్చు లెక్క వేసి చెబుతాను.