కీహోల్ ఆపరేషన్ కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ కదపాలా?

ప్రశ్న: మావారికి పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది. గడ్డ ఉన్న భాగం తీసేయాలన్నారు. కీహోల్ (చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసేది), ఓపెన్ (పెద్ద కోతతో చేసేది) రెండూ కుదురుతాయట, కానీ కీహోల్ ఎస్టిమేట్ ఎక్కువ. ఆయనది సొంత పని, నాది ఉద్యోగం. ఆ తేడా కోసం డిపాజిట్ బ్రేక్ చేయమంటారా?

జవాబు: డబ్బు కోసం ఓపెన్‌కి ఒప్పుకుంటే ఆయన ప్రాణాన్ని పణంగా పెట్టినట్టవుతుందేమోనన్న టెన్షన్ పెట్టుకోకండి. ఓస్లో యూనివర్సిటీ ఆస్పత్రిలో ఇదే జబ్బున్న 280 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పోల్చారు. అయిదేళ్లు బతికే అవకాశం కీహోల్‌లో 54 శాతం, ఓపెన్‌లో 55 శాతం. తేడా అంతా కోలుకోవడంలోనే. కాంప్లికేషన్లు కీహోల్‌లో 19 శాతం, ఓపెన్‌లో 31 శాతం. ఆస్పత్రిలో ఉన్నది 53 గంటలు, 96 గంటలు. విశేషమేంటంటే, అక్కడ మొత్తం ఖర్చు రెండింటికీ సమానంగానే తేలింది. థియేటర్‌లో పెరిగింది వార్డులో తగ్గిందన్నమాట.

అయితే అవి చిన్న భాగాలు తీసిన ఆపరేషన్లు. దాదాపు సగం కాలేయం తీసేవారిపై జరిగిన ఆరెంజ్ టూ ప్లస్ పరిశోధనలో కోలుకునే సమయం కీహోల్‌లో 4 రోజులు, ఓపెన్‌లో 5 రోజులు. ఒక్క రోజే లాభం. కాబట్టి ఎంత భాగం తీస్తారో ముందు అడగండి.

తర్వాత రెండు పద్ధతులకూ విడివిడిగా లెక్క వేయండి. బిల్లులో ఇన్సూరెన్స్ ఇచ్చేది పోను మీ చేతినుంచి పడేదెంత? దానికి ఆయన పనిలోకి వెళ్లలేని రోజుల సంపాదన, మీరు పెట్టే జీతం లేని సెలవులు కలపండి. పక్కటెముకల కింద పెద్ద కోత పడితే బరువులెత్తడానికి చాలా వారాలు ఆగాలి. ఆయనది ఒళ్లు వంచి చేసే పనైతే కీహోలే చవకగా తేలవచ్చు.

కీహోల్‌గా మొదలుపెట్టి, రక్తస్రావం వల్లో పాత ఆపరేషన్ తర్వాత లోపల అవయవాలు అతుక్కుపోయి ఉండటం వల్లో మధ్యలో ఓపెన్‌కి మారాల్సి రావచ్చు. అప్పుడు ఒకసారి వాడి పారేసే స్టేప్లర్ల (లోపల కోసి, పిన్నులతో మూసే పరికరాల) ఖర్చూ మీదే, ఎక్కువ రోజుల వార్డు ఖర్చూ మీదే. ఆ మూడో ఎస్టిమేట్ కూడా రాయించుకోండి. స్టేప్లర్లకు, రోబో వాడితే దానికి పాలసీలో పరిమితి ఉందేమో ముందస్తు అనుమతి దశలోనే తేల్చుకోండి. సర్జన్ ఓపెనే మేలంటే మాత్రం కీహోల్ చేసేవారి కోసం ఆస్పత్రులు తిరగొద్దు.

ఇక డిపాజిట్. మొత్తం బ్రేక్ చేయకండి. ఈ జబ్బులో కాలేయంలో మళ్లీ గడ్డ రావడం అరుదు కాదు. కీమో, స్కాన్లు ఉండనే ఉంటాయి. కావలసినంత వరకే దానిమీద లోన్ తీసుకుని, మిగతాది రాబోయే రెండేళ్లకు అలాగే ఉంచండి.