పాతికేళ్లు దాటాక లెగో పెట్టెలు: వ్యాపకమా, వ్యాపారమా?

ప్రశ్న: మా అబ్బాయికి 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నాడు. కోతలు పోను నెలకు 68 వేలు చేతికి వస్తాయి. నాలుగేళ్లుగా లెగో సెట్లు, అంటే ముక్కలు కలిపి బొమ్మలు కట్టే ప్లాస్టిక్ ఇటుకల పెట్టెలు, కొంటున్నాడు. కొన్నింటిని కట్టి అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు, నలభైకి పైగా పెట్టెలను సీలు విప్పకుండా దాచాడు. కిందటేడు మూడు సెట్లు లాభానికి అమ్మి, ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇదే వ్యాపారం చేస్తానంటున్నాడు. ఉద్యోగం, ఈ వ్యాపారం, డిజైన్‌లో పీజీ, ఈ మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు. సంబంధాలు చూస్తున్నాం. వచ్చినవాళ్లకు ఈ బొమ్మల సంగతి ఏమని చెప్పాలో తెలియడం లేదు. ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇల్లే మాది గానీ, అది వేరు కదా. ఇంకొక మాట: మా ఇంట్లో ఉంచిన పెట్టెల్లో ఒకదాన్ని మొన్న దసరాకు మా ఆడపడుచు మనవడికి ఇచ్చేశాను. మా అబ్బాయికింకా తెలియదు.
ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, మూడు దారులనూ పోల్చమన్నారు, పోలుస్తాను. అయితే ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. లెగో ఉన్న చోట ఒకరి ఉత్తరంలో కెమెరా ఉంటుంది, ఇంకొకరి ఉత్తరంలో అక్వేరియం ఉంటుంది, మరొకరి ఉత్తరంలో పాత నాణేలుంటాయి. ఏది ఉన్నా, ఇంత చదివించి ఉద్యోగంలో కుదురుకున్నాడనుకున్న కొడుకు ఇంకా పిల్లవాడిగానే మిగిలిపోయాడేమోనన్న దిగులే ఆ ఉత్తరాలన్నింటి అడుగున కనిపిస్తుంది. మీరు అసలు అడగదలచుకున్నది సంబంధాల గురించి రాసిన ఆ వాక్యంలోనే ఉంది కనుక ముందు దానికే జవాబు చెబుతాను.

డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే ఊళ్లో ఒక వడ్రంగి 1932లో కొయ్య బొమ్మలతో మొదలుపెట్టిన సంస్థ లెగో. ఒకదానికొకటి గట్టిగా పట్టుకునే నేటి ప్లాస్టిక్ ఇటుకకు 1958లో పేటెంటు తీసుకున్నారు. ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరు తీసుకుంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపవచ్చునని గణితవేత్తలు లెక్కగట్టారు. ఇందులో పెద్దవాళ్లు మునిగిపోవడం వింత కాదు. ఆ కంపెనీయే 2020 నుంచి పెద్దల కోసం తయారుచేసే పెట్టెల మీద వయసు 18 ప్లస్ అని అచ్చు వేస్తోంది. 2020లో వచ్చిన కొలోసియం సెట్టులో 9,036 ముక్కలున్నాయి. దాన్ని కూర్చోబెట్టి కట్టించగల పదేళ్ల పిల్లవాడు మీకు తెలిస్తే అతని కెరీర్ గురించి నాకు విడిగా రాయండి.

బొమ్మల కొలువు వేరు అన్నారు. ఎలా వేరో మీరే నిదానంగా ఆలోచించండి. కొండపల్లి దశావతారాల సెట్టులో ఒక బొమ్మ చెయ్యి విరిగితే మీ మనసు చివుక్కుమనదా? ఏడాదిలో నాలుగు రోజులు మెట్ల మీద పేర్చి, పేరంటానికి వచ్చిన వాళ్లకు చూపించి, మళ్లీ ఒక్కొక్క బొమ్మనూ పాత చీర ముక్కలో చుట్టి అటక మీదికి ఎక్కించే పనిని ఎవరైనా "దీనివల్ల ఉపయోగం ఏమిటి?" అని అడిగితే మీరు ఊరుకుంటారా? మీ అబ్బాయి సేకరించే అలవాటును హైదరాబాద్‌లో నేర్చుకోలేదు, మీ ఇంట్లోనే చూసి నేర్చుకున్నాడు.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను, మన్నించాలి. ఇతను ఉన్నట్టుండి వ్యాపారం మాట ఎందుకు ఎత్తాడంటే, నా అనుభవంలో ఇలాంటి ఇళ్లలో చాలావరకు కారణం ఒకటే అయి ఉంటుంది. ప్రతి పెట్టెకూ "ఎంత పోసి కొన్నావు, దీంతో ఏం చేస్తావు?" అన్న ప్రశ్న ఎదురైనప్పుడు "నాకు ఇష్టం" అన్న జవాబు ఆ ఇంట్లో చెల్లకపోతే, కుర్రవాడు "ఇది పెట్టుబడి" అంటాడు. పెట్టుబడి అన్నాక లాభం చూపించాలి, లాభం చూపించాక ఇంకా పెంచమంటారు, ఆ మాట నిలబెట్టుకోవడానికి చివరికి ఉద్యోగం మానేస్తానంటాడు. సరదాకు కొనుక్కున్న వస్తువును సంజాయిషీ కోసం సరుకుగా మార్చుకున్నాడు. అతని చేత ఈ వ్యాపారం పెట్టిస్తున్నది కొంతవరకు మీ ప్రశ్నలే కావచ్చు.

ఇక వ్యాపారం సంగతి. పాత లెగో బంగారం కంటే మేలన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది, యువకుల నోట మరీ ఎక్కువగా. దానికి ఆధారం లేకపోలేదు. మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987 నుంచి 2015 వరకు రెండు వేలకు పైగా సెట్ల ధరలు పరిశీలించి, ఏడాదికి సగటున సుమారు 11 శాతం రాబడి ఉందని తేల్చారు. అయితే అది సగటు. కొన్ని సెట్లు చాలా పెరిగాయి, కొన్ని నష్టమే మిగిల్చాయి. పైగా ఆ రాబడి బజారు ధరల మీద వేసిన లెక్క, మన కొరియర్ కుర్రవాడికి ఇచ్చిన డబ్బు తీసేసి వేసింది కాదు.

తాజ్ మహల్ సెట్టు కథ మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది, మీరూ తెలుసుకోవాలి. 2008లో 5,922 ముక్కలతో అమెరికాలో 299.99 డాలర్లకు వచ్చిన ఆ సెట్టు తయారీ రెండు మూడేళ్లలో ఆగిపోయింది. ఆ తరువాత సీలు విప్పని పెట్టె ధర వేల డాలర్లకు పాకింది. దాన్ని పింఛను నిధిలాగా దాచుకున్నవారున్నారు. 2017లో కంపెనీ ఒకే ఒక్క ముక్క తేడాతో ఇంచుమించు అదే సెట్టును 369.99 డాలర్లకు మళ్లీ విడుదల చేసింది. అంతే, పాత పెట్టె ధర కుప్పకూలింది. కంపెనీ చేసినది తప్పేమీ కాదు, దాని బొమ్మ, దాని ఇష్టం. భూమిని మళ్లీ అచ్చు వేయలేరు గానీ బొమ్మను వేయగలరు. ఏ సెట్టు తిరిగి వస్తుందో నిర్ణయించేది బిల్లుండ్‌లో కూర్చున్నవాళ్లు, కొండాపూర్ ఫ్లాట్‌లో పెట్టెలు దాచుకున్నవాళ్లు కాదు.

మన దేశంలో దీనికి ఇంకో మెలిక ఉంది. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. ఇక్కడి ధరలో పెద్ద వాటా ఆ సుంకానిదే కనుక, ఏదో ఒక బడ్జెట్‌లో అది తగ్గితే నిల్వ ఉన్న సరుకు విలువ కూడా తగ్గుతుంది. 2021 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. అమెరికా నుంచి వచ్చే పిన్నిగారి సూట్‌కేసులో ఆ గుర్తు లేని సెట్టు సొంతానికి ఒకటి తెప్పించుకోవడం వేరు, అలా తెప్పించినవాటిని వరసగా అమ్మడం వేరు. ఇతర రాష్ట్రాల వారికి సరుకు అమ్మే వ్యాపారి, అమ్మకం ఎంత చిన్నదైనా, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. లాభం వ్యాపార ఆదాయం కింద పన్నుకు వస్తుంది. మూడు పెట్టెలు అమ్మినప్పుడు ఎవరూ అడగని ఈ సంగతులన్నీ మూడు వందలు అమ్మేటప్పుడు గుమ్మం ముందు నిలబడతాయి.

లెక్క వేద్దాం. ఒక సెట్టును 20 వేలకు కొని నాలుగేళ్లు దాచి 30 వేలకు అమ్మాడనుకుందాం. పైకి చూస్తే ఏడాదికి 10.7 శాతం. అమ్మిపెట్టిన వేదిక కమీషన్ కింద మూడు వేలు, అదనపు అట్టపెట్టె, బబుల్ ర్యాప్, కొరియర్ కింద వెయ్యి పోతే మిగిలేది ఆరు వేలు, అంటే ఏడాదికి 6.8 శాతం, అదీ పన్నుకు ముందు. నెలకు 50 వేల ఆదాయం కావాలంటే ఏడాదికి ఆరు లక్షలు రావాలి, ఆరు వేల చొప్పున ఏటా వంద సెట్లు అమ్మాలి. ఒక్కొక్కటీ నాలుగేళ్లు దాచాల్సిందే కనుక ఎప్పుడు చూసినా నాలుగు వందల పెట్టెలు నిల్వ ఉండాలి, వాటి మీద 80 లక్షలు ఇరుక్కుని ఉండాలి. అదే 80 లక్షలను ఏడు శాతం వడ్డీకి వేసుకున్నవాడికి ఒక్క పెట్టె కూడా మోయకుండా ఏడాదికి 5 లక్షల 60 వేలు వస్తాయి. నా అంకెలు మరీ పిసినారివని అతను అనవచ్చు. అననివ్వండి, తన అంకెలతో అదే లెక్క కాగితం మీద వేయమనండి.

ఆ నాలుగు వందల పెట్టెలను ఎండ తగలకుండా, తేమ పట్టకుండా, చెదలు చేరకుండా కాపాడాలి. పెట్టె మూల నలిగినా సేకర్తలు ధర తగ్గిస్తారు. కాకినాడ సముద్రపు గాలిలో అట్ట ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. నకిలీల బెడద ఒకటి ఉండనే ఉంది. లెపిన్ అనే పేరుతో లెగో నకళ్లు తయారుచేసిన ముఠాను 2019లో షాంఘై పోలీసులు పట్టుకున్నారు గానీ, నకళ్లు అక్కడితో ఆగిపోలేదు. ఇదంతా గోదాము పని, కొట్టు పని. తప్పుడు పని కాదు, తక్కువ పనీ కాదు, కానీ ముక్కలు పేర్చి ఆనందించే మనిషికి నచ్చే పని అదేనా అన్నది నా అనుమానం. సీలు విప్పితే ధర పడిపోయే వ్యాపారంలో, బొమ్మంటే ప్రాణమున్నవాడు తనకు ఇష్టమైన పెట్టెను ఎప్పటికీ విప్పలేడు.

నేథన్ సవాయా పేరు మీ అబ్బాయి మీ దగ్గర చెప్పే ఉంటాడు. న్యూయార్క్‌లో లాయరు పని వదిలి లెగో ఇటుకలతో శిల్పాలు చేసిన మనిషి. నిజమే, కానీ ఆయన అమ్మినది తన చేతి పనిని, దాచిన పెట్టెలను కాదు. కంపెనీ గుర్తింపు పొందిన నిపుణ నిర్మాతలు ప్రపంచం మొత్తం మీద పదుల్లోనే ఉంటారు. కంపెనీ నడిపే లెగో ఐడియాస్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా సొంత నమూనా పెట్టవచ్చు. పది వేల మంది మద్దతు పలికి, ఆ తరువాత కంపెనీ పరిశీలనలోనూ నెగ్గితే నికర అమ్మకాల్లో ఒక శాతం ఇస్తారు. పది వేల మద్దతు దాటినవాటిలోనూ ఎక్కువ భాగం ఆ పరిశీలన దగ్గరే ఆగిపోతాయి. ప్రయత్నించమనండి, జీతానికి బదులుగా మాత్రం దాన్ని నమ్ముకోవద్దనండి.

డిజైన్ పీజీ గురించి క్లుప్తంగానే చెబుతాను. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో బొమ్మలు, ఆటల రూపకల్పనకే ప్రత్యేకంగా ఎం.డిజైన్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ప్రవేశ పరీక్షల వివరాలు అతను నాకంటే త్వరగా వెతుక్కోగలడు, అవి ఇక్కడ రాయను. మీరు అడగవలసింది ఒకటే: సూచనల పుస్తకం లేకుండా, తన ఊహతో, ఏదైనా కట్టాడా? కాకినాడ లైట్‌హౌస్ కావచ్చు, మీ ఇంటి గుమ్మమే కావచ్చు, ఏదైనా సరే. కట్టి ఉంటే, దానికి ముందు కాగితం మీద గీసుకుని ఉంటే, ఈ దారి గురించి గట్టిగానే ఆలోచించవచ్చు. పుస్తకంలో ఉన్నట్టు కట్టడంలోనే అతనికి హాయి ఉంటే అది మంచి విశ్రాంతి, దానికి డిగ్రీ అక్కరలేదు.

ఇక ఉద్యోగం. అందులో అతనికి ఏం నచ్చడం లేదో మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. అడిగారా? టెస్టింగ్ చేసినవాడు ఆటోమేషన్ వైపో, డేటా వైపో జరగవచ్చు. ఏ సెట్టు ఎప్పుడు ఆగిపోతుందో, ధర ఎలా కదులుతుందో ఇంత శ్రద్ధగా చూసే కుర్రవాడికి ఈ-కామర్స్ సంస్థల్లో ధరలు, నిల్వలు విశ్లేషించే పని నప్పుతుందని నాకనిపిస్తోంది. పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నాను, నా వరస ఇది: ఉద్యోగంలో ఉంటూ దిశ మార్చుకోవడం మొదటిది, సొంత నమూనాలు ఉంటేనే డిజైన్ రెండవది, జీతం మానుకుని పెట్టెల వ్యాపారం చివరిది.

వ్యాపారం వద్దని మాత్రం మీరు అనకండి. ఉద్యోగం చేస్తూనే ఒక ఏడాది నడపమనండి. దానికి వేరే బ్యాంకు ఖాతా తెరిచి, జీతంలో పదో వంతుకు మించి అందులో వేయకుండా, ఇప్పుడున్న నలభై పెట్టెల్లో పదిహేను అమ్మి, ప్రతి అమ్మకానికీ చేతికి మిగిలినది ఒక పుస్తకంలో రాయమనండి. ఆ మూడు సెట్లు ఎంతకు పోయాయో మీకు చెప్పాడు, మిగిలినవాటిలో ఎన్ని కొన్న ధరకు కూడా పోవడం లేదో చెప్పాడా? ఏడాది తరువాత ఆ పుస్తకం చూసి నిర్ణయం అతనే తీసుకుంటాడు, మీరూ నేనూ కలగజేసుకోనక్కరలేదు.

సంబంధాలవాళ్లకు ఏం చెప్పాలన్నారు. ఉన్నదే చెప్పండి: అబ్బాయికి లెగో సెట్లు కట్టడం ఇష్టం, నెలకు ఇంత ఖర్చు పెడతాడు, అప్పు లేదు. అప్పు ఉంటే అదీ చెప్పండి, అక్కడ మాత్రం నేనూ మీతో పాటు దిగులు పడతాను, ఎందుకంటే క్రెడిట్ కార్డు వాయిదాల మీద కొన్న పెట్టె నాలుగేళ్లు అటక మీద కూర్చుంటే దాని లాభమంతా బ్యాంకుకే పోతుంది. బీరువాను దాచి పెళ్లిచూపులు జరిపించవద్దు. వచ్చే అమ్మాయి ఆ ఇంట్లో ఉండబోయే మనిషి, ఆ బీరువాను ముందే చూడడం ఆమె హక్కు.

చివరిగా, ఆడపడుచు మనవడికి ఇచ్చిన ఆ పెట్టె. మీకది బొమ్మే కావచ్చు, అతని లెక్కలో అది ఫలానా నెలలో ఫలానా ధరకు కొన్న వస్తువు. మీ కొలువులోంచి ఒక బొమ్మను మీకు చెప్పకుండా ఎవరో తీసి ఇచ్చేసినట్టే ఇది. కొడుకు పెద్దవాడు కాలేదని దిగులు పడే మీరే, పెద్దవాడి వస్తువును అడగకుండా పంచిపెట్టారు. అతను సంక్రాంతికి ఇంటికి వచ్చి వెతుక్కునే దాకా ఆగకండి. ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. పెట్టె మీద ఉన్న ఐదంకెల నంబరు మీకు గుర్తుంటే అదీ చెప్పండి, లేకపోతే ముందు మీ ఆడపడుచుకు ఫోన్ చేసి అట్ట పారేయకుండా ఉంచమనండి. ఏ సెట్టు పోయిందో అతనికి ఆ నంబరుతోనే తెలుస్తుంది.