పిల్లాడి నోటితో ఎన్నాళ్ళు మాట్లాడతారు?

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 34 ఏళ్ళు. మావారు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆరేళ్ళుగా టోక్యోలో, నిషికసాయ్‌లో ఉంటున్నాం. బాబుకి ఎనిమిదేళ్ళు, దగ్గర్లోని ప్రభుత్వ బడిలో మూడో తరగతి చదువుతున్నాడు. ఇక్కడ ఎన్నేళ్ళున్నా మనం పరాయివాళ్ళమే. రైల్లో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే ఉంటారు. ఒకసారి మా చెత్త సంచికి స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేశారు. పోయిన నెల అపార్ట్‌మెంట్ పోస్టుబాక్సుల్లో ఏదో కాగితం వేశారు. బాబు చదివి, "తెల్లారకుండా శబ్దాలు చెయ్యొద్దని రాశారు. ఇది నీ మిక్సీ గురించే. నీకు చెప్పినా అర్థం కాదు" అన్నాడు. తల్లిదండ్రులు వచ్చి పాఠం చూసే రోజుకి నన్ను బడికి రావద్దంటున్నాడు. మావారితో చెబితే, "వాడన్నదాంట్లో తప్పేముంది? నీకు చెప్పినా అర్థం కాదు. అన్నీ నేను చూసుకుంటున్నా కదా" అన్నారు. భాష నేర్చుకుంటానంటే "రెండేళ్ళలో వెళ్ళిపోతాం, నీకెందుకు" అని మొదటి ఏడాది నుంచీ అంటున్నారు. బాబుని తీసుకుని నేను విజయవాడ వచ్చేస్తే మంచిదేనా? మా అత్తగారు వద్దంటున్నారు.

జవాబు: అమ్మా, విజయవాడ రావాలా వద్దా అన్నదానికి నేనిప్పుడు జవాబు చెప్పను. అవమానంతో ఉడికిపోతున్నప్పుడు తీసుకోవలసిన నిర్ణయం కాదది. మీ అత్తగారి మాట కూడా కాసేపు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో ఒక మాట రెండుసార్లు వచ్చింది, మీరు గమనించారో లేదో. "నీకు చెప్పినా అర్థం కాదు." ఒకసారి మీ కొడుకు నోట, ఒకసారి మీ ఆయన నోట. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఆ మాట జపాన్ బడిలో నేర్చుకోలేదు. అన్నం తినేటప్పుడు మీ ఇంట్లోనే విన్నాడు.

జపాన్‌లో మీకు ఎదురవుతున్నది మీ ఊహేనని నేను అనను. 2017లో అక్కడి న్యాయశాఖ బయటపెట్టిన సర్వేలో, ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో సుమారు 40 శాతం మంది, విదేశీయులన్న కారణంతోనే తమకు ఇల్లు ఇవ్వలేదని చెప్పారు. రైల్లో ఖాళీగా మిగిలే సీటు గురించి అక్కడున్న విదేశీయులు చాలామంది చెబుతారు. అది బాధ పెడుతుంది. దానికి నా దగ్గర మందు లేదు.

కానీ మీరు చెప్పిన మూడూ ఒక రకం కావు. చెత్త సంచికి స్టిక్కర్ పెట్టి వదిలేయడం తప్పు రోజున, తప్పు సంచిలో పెట్టిన ఎవరికైనా జరిగేదే, జపాన్ వాళ్ళయినా సరే. పోస్టుబాక్సులో కాగితం సంగతీ అంతే. అక్కడ పక్కింటివాళ్ళు మన దగ్గరలా తలుపు కొట్టి "ఏమండీ, కాస్త చూసుకోండి" అనరు. నిర్వహణ చూసే కంపెనీకి చెబుతారు. వాళ్ళు ఎవరి పేరూ రాయకుండా అందరి బాక్సుల్లోనూ కాగితం వేస్తారు. ఎవరి పరువూ పోకూడదని ఆ పద్ధతి. ఆ కాగితం మీరే చదువుకుని ఉంటే పొద్దున్నే ఆరింటికి వేసే మిక్సీ ఏడున్నరకి వేసేవారు, అక్కడితో అయిపోయేది. పిల్లాడు చదివి, తన అర్థం తను కలిపి, మీ ముఖాన కొట్టాడు కాబట్టి అది మీకు దేశం దేశమంతా వెలివేసినట్టు అనిపించింది.

అందుకే చెబుతున్నాను, మీ అసలు కష్టం మీ ఆయనతో. మొదటి ఏడాది ఆయన "అన్నీ నేను చూసుకుంటా" అన్నది ప్రేమతోనే అయి ఉంటుంది. కొత్త దేశం, చంకలో రెండేళ్ళ బిడ్డ, అర్థం కాని రాతలు. ఆ మాట అప్పుడు మీకు కొండంత అండ. మీరు కూడా హాయిగానే ఒప్పుకుని ఉంటారు, ఆ మాట నేను దాచను. వార్డు ఆఫీసుకి ఆయనే, బ్యాంకుకి ఆయనే, పిల్లాడి టీకాలకి ఆయనే వెళ్ళారు. ఆరేళ్ళ తర్వాత చూస్తే ఆ ఇంట్లో మీకు తెలిసిన పని వంట ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఆయన దాన్నే ఎత్తి చూపి అర్థం కాదంటున్నారు. నేర్చుకుంటానన్న మనిషిని ఆపిందీ ఆయనే, రాదని కొడుకు ముందు తీసిపారేస్తున్నదీ ఆయనే. ఇది నేను ఒప్పుకోను. భార్యాభర్తల మధ్య సవాలక్ష ఉంటాయి, కానీ పిల్లల ఎదుట తల్లిని తక్కువ చేసే హక్కు ఏ భర్తకీ లేదు.

మీ రెసిడెన్స్ కార్డు ఇప్పుడు ఎక్కడుంది? మీ పర్సులోనా, ఆయన ఫైల్లోనా? పదహారేళ్ళు నిండిన విదేశీయులెవరైనా దాన్ని ఎప్పుడూ తమ వెంటే ఉంచుకోవాలని అక్కడి చట్టం. అది ఏ తేదీ వరకు చెల్లుతుందో చూడకుండా చెప్పగలరా? చెప్పలేకపోతే ముందు అక్కడ మొదలుపెట్టండి. మీది భర్త మీద ఆధారపడిన వీసా అయితే, ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర విడిగా అనుమతి తీసుకుని వారానికి 28 గంటల దాకా ఉద్యోగం కూడా చెయ్యొచ్చు. ఈ సంగతి మీకు ఎవరైనా చెప్పారా?

ఇక బాబు. మా అమ్మ నిశాని వేసేది. బ్యాంకుకి వెళ్తే ఫారాలన్నీ నేనే నింపేదాన్ని. నాకప్పుడు పదేళ్ళు. కౌంటర్ దగ్గర జనం చూస్తుండగా ఒకరోజు "ఇంత చిన్న సంతకం కూడా రాదా నీకు" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి బ్యాంకుకి మా బాబాయిని తీసుకెళ్ళింది. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. పిల్లలు తల్లిని ప్రేమించకపోవడం వల్ల అలా అనరమ్మా. తమ వయసుకి మించిన బరువు నెత్తిన పడితే విసుక్కుంటారు. డాక్టరు చెప్పింది అమ్మకి చెప్పడం, టీచరు రాసింది అమ్మకి చదివి వినిపించడం, ఇరుగుపొరుగు కోపాన్ని అమ్మకి అందించడం, ఇవి మూడో తరగతి పిల్లాడి పనులా? ఈ రాత్రి వాడితో చెప్పండి, "నాన్నా, ఇక నా కాగితాలు నువ్వు చదవక్కర్లేదు" అని. కోపంగా కాదు, దగ్గరికి తీసుకుని చెప్పండి.

భాష కష్టమని భయపడకండి. మాట్లాడే జపాన్ భాష మన తెలుగువాళ్ళకి కొంత అచ్చివస్తుంది. "వతాషి వా గక్కో ని ఇకిమాసు" అంటే "నేను బడికి వెళ్తాను". బడి తర్వాత "కి" వచ్చినట్టే గక్కో తర్వాత "ని" వస్తుంది. మనలాగే క్రియ చివర్న. రాయడం వేరే సంగతి, దానికి ఏళ్ళు పడుతుంది. అయితే పిల్లలు మొదట నేర్చే లిపి హిరగానాలో ఉన్నవి 46 అక్షరాలే, మన అచ్చులూ హల్లులూ నేర్చిన చేతికి అదెంత? కంజీలంటే చైనా నుంచి వచ్చిన రాత గుర్తులు, అక్కడి బడిలో ఒకటో తరగతి పిల్లలకి నేర్పేవి 80. మీ అబ్బాయి పాత పుస్తకాలు ఇంట్లోనే ఉంటాయి, వాటితోనే మొదలుపెట్టండి. టోక్యో వార్డుల్లో వాలంటీర్లు చాలా తక్కువ ఖర్చుతో, కొన్నిచోట్ల ఉచితంగా భాష నేర్పే తరగతులు నడుపుతారు. మీ ఎదొగావా వార్డు ఆఫీసుకి వెళ్ళి అడగండి. ఒక్కరే వెళ్ళండి. ఫోన్లో అనువాదం పెట్టుకునైనా సరే మీరే అడగండి.

నిషికసాయ్‌లో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. చుట్టూ మనవాళ్ళే, మన కిరాణా కొట్లే. పప్పులు దొరుకుతాయి, కరివేపాకు దొరుకుతుంది. ఆ సుఖం వల్లే ఆరేళ్ళు గడిచిపోయాయి. మన స్నేహితురాళ్ళని వదులుకోమనను. వారంలో రెండు గంటలు మాత్రం వాళ్ళు లేని చోట గడపండి.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు బాబు నిద్రపోయి ఉండాలి. ఏడవద్దు, పాతవన్నీ తవ్వొద్దు. రెండే విషయాలు చెప్పండి. "వాడి ముందు నన్ను ఆ మాట అనొద్దు. శనివారం పొద్దున నేను క్లాసుకి వెళ్తాను, ఆ రెండు గంటలు ఇల్లు మీరు చూసుకోండి." అన్నీ చూసుకుంటానన్న మనిషి కదా, ఇదీ చూసుకుంటారు. "రెండేళ్ళలో వెళ్ళిపోతాం" అంటే, ఆ రెండేళ్ళయినా నోరున్న మనిషిగా బతుకుతానని చెప్పండి. ఆయన మంచివారనే నా నమ్మకం. కానీ మంచివారని ఊరుకుంటే ఇలాగే జరుగుతుంది.

బడిలో పాఠం చూసే రోజుకి మీరు వెళ్ళి తీరాలి. జుగ్యో సన్కన్ అనే ఆ రోజున తల్లులూ తండ్రులూ తరగతి గది వెనక నిలబడి చూస్తారు, అంతే. అక్కడ మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఇంటి చెప్పులు సంచిలో పెట్టుకెళ్ళండి, పక్కన నిలబడ్డ తల్లికి తల వంచి నమస్కరించండి, కొడుకు చెయ్యెత్తితే చూడండి. వాడు ఆ రోజు ముఖం తిప్పుకున్నా సరే, వెళ్ళండి. తల్లి రాని పిల్లాడిగా వాడు మిగలకూడదు.

చివరగా మిక్సీ సంగతి. కొత్తగా ఇంట్లో దిగినప్పుడు పక్కవాళ్ళకీ కిందివాళ్ళకీ చిన్న తువ్వాలో, మిఠాయో ఇచ్చి పలకరించడం అక్కడి పాత మర్యాద. ఈ మధ్య నగరాల్లో తగ్గిందంటారు గానీ, చేస్తే ఎవరూ కాదనరు. ఆరేళ్ళు ఆలస్యమైనా ఇప్పుడు చెయ్యండి. రెండు చిన్న స్వీటు డబ్బాలు కొనండి. "సుమిమాసెన్, కి ఓ త్సుకెమాసు", అంటే "క్షమించండి, ఇకపై జాగ్రత్తగా ఉంటాం" అన్న ఒక్క వాక్యం నాలుగు రోజులు సాధన చెయ్యండి. బాబుని తీసుకెళ్ళొద్దు. మీ ఆయన్ని తీసుకెళ్ళండి. తలుపు తెరిచాక ఆయన ఒక అడుగు వెనక నిలబడాలి, మాట్లాడేది మీరు. ఆ విషయం ఆయనకి ముందే చెప్పి ఉంచండి.